ఏనాటి వెలుగు ఆనాటికి



మా వ్యాను ఏ ఊళ్ళో ఆగినా మొదట పిల్లలు చుట్టూ మూగుతారు. తరువాత పెద్దలు వచ్చి, పైకప్పు వంక చూసి, ఒకే ప్రశ్న వేస్తారు: "కరెంటు తీగ లేదు, జనరేటరు చప్పుడు లేదు, లోపల ఫ్యాను ఎలా తిరుగుతోందండీ?" అంబాజీపేటలో, రాజోలులో, పాలకొల్లులో ఈ ప్రశ్నకు జవాబు చెప్పీ చెప్పీ, ఒకసారి కాగితం మీద పెడితే పదిమందికి ఉపయోగపడుతుందనిపించి ఇది వ్రాస్తున్నాము. ఇందులో గొప్ప సైన్సేమీ లేదు. ఎనిమిదో తరగతి లెక్కలు వచ్చినవారికెవరికైనా అర్థమయ్యే సంగతులే.

మేమిద్దరము బడిపంతుళ్ళుగా పనిచేసి పదవీ విరమణ చేసినవారము. మాతో ఉండే మూడవ మనిషి మామ్మ. మాలో ఒకరికి తల్లి, ఒకరికి అత్తగారు. అయినా పిల్లలు పిలిచినట్టే మేమూ మామ్మ అనే పిలుస్తాము. ఆమె పుట్టింది వశిష్ఠ గోదావరి నడుమనున్న ఒక లంకలో. తోబుట్టువులు ఆరుగురు తలా ఒక ఊళ్ళో స్థిరపడ్డారు. "కాళ్ళు ఆడుతుండగానే అందరినీ ఒకసారి చూసి రావాలి" అన్నది ఆమె కోరిక. ఆమెకు చాలాకాలంగా షుగరు ఉంది. రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ వేసుకోవాలి. ఇంకా మూత తీయని ఇన్సులిన్ సీసాలను 2 నుండి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి, గడ్డ కట్టనివ్వకూడదు. చుట్టాల ఇంట్లో రెండు రోజులుంటే కరెంటు ఎప్పుడు పోతుందో, మందు ఏమవుతుందో అనే బెంగతోనే ఆమె చాలా ప్రయాణాలు మానుకున్నది.

ఈ బెంగ తీర్చడానికే 2021లో ఒక పాత టెంపో ట్రావెలర్ కొన్నాము. వెనుక సీట్లు తీయించి, రెండు బల్లమంచాలు, ఒక గ్యాసు పొయ్యి, నీళ్ళ డబ్బా, చిన్న ఫ్రిజ్ అమర్చుకున్నాము. బండి ఆకారం మార్చేటప్పుడు 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారము రవాణా శాఖ అనుమతి తీసుకొని, ఆ మార్పును రిజిస్ట్రేషను కాగితాల్లో వ్రాయించుకోవాలి. ఇలాంటి బండి చేయించదలచినవారు మొదట ఈ పని చూసుకోవడం మంచిది.

ఇల్లు వెంటబెట్టుకొని తిరగడం మన డెల్టాకు కొత్త కాదు. 1836లో ఇంగ్లండు నుండి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు నరసాపురం ప్రాంతంలో పని ప్రారంభించే నాటికి ఇక్కడ ఇన్ని కాలువలు లేవు. సర్ ఆర్థర్ కాటన్ దొరగారు 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టి 1852లో ముగించారు. దానితోపాటు వచ్చిన కాలువలు పొలాలకు నీరిచ్చాయి, పడవలకు బాటలూ అయ్యాయి. ఆ తరువాతి తరాల మిషనరీలు పడవలోనే కాపురముంటూ ఊరూరూ తిరిగారు. వంట, పడక, పుస్తకాలు, మందుల పెట్టె అన్నీ అందులోనే. చీకటి పడితే కిరోసిను లాంతరు. మా చిన్నతనంలో రాత్రి కూటములకు పెట్రోమాక్సు లైటు వచ్చింది. గాలి కొట్టడానికి ఒకరు, పురుగులు తోలడానికి ఒకరు కావలసి వచ్చేవారు!

ఇప్పుడు ఆ లాంతరు పనిని ఎండ చేస్తున్నది. కేరళలో వైకోమ్ రేవు నుండి 2017 జనవరిలో మొదలైన 'ఆదిత్య' అనే 75 మంది ఎక్కే పడవ సూర్యశక్తితో నడిచేలా కట్టినదే. నెదర్లాండ్స్ దేశంలో ఐండ్‌హోవెన్ విశ్వవిద్యాలయం విద్యార్థులు 'స్టెల్లా వీటా' అనే ఇల్లులాంటి బండిని కట్టి, 2021లో సూర్యశక్తితోనే స్పెయిన్ దక్షిణపు కొస వరకు తీసుకువెళ్ళారు. మా బండి అంత ఘనమైనది కాదు. రోడ్డు మీద డీజిలుతోనే నడుస్తుంది. ఆగిన తరువాత ఇంటి అవసరాలకు మాత్రమే మాకు సూర్యుడు.

పైకప్పు మీద రెండు నీలిరంగు పలకలున్నాయి. ఒక్కొక్కటి రెండు మీటర్ల పొడవు, ఒక మీటరు వెడల్పు, 335 వాట్లు. ఒక్కో పలకలో 72 గళ్ళు. అవి సిలికాన్‌తో చేసినవి. ఇసుకలో ఉండే పదార్థమే శుద్ధి చేస్తే సిలికాన్ అవుతుంది. ఎండ దాని మీద పడినప్పుడు లోపలి ఎలక్ట్రానులు కదులుతాయి. ఆ కదలికే కరెంటు. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మొదటిసారి పనికొచ్చే సిలికాన్ గడిని చూపించినప్పుడు, పడిన ఎండలో ఆరు శాతం మాత్రమే కరెంటుగా మారింది. ఈనాడు దుకాణాల్లో దొరికేవి ఇరవై శాతం దగ్గరకు వచ్చాయి. ఒక గడి ఇచ్చేది సుమారు అర వోల్టు. పూసలు గుచ్చినట్టు 72 గళ్ళను వరుసగా కలిపితే ఎండలో 37, 38 వోల్టులు వస్తాయి. దానిని బ్యాటరీకి తగినట్టు దించి పంపే పెట్టెను ఛార్జి కంట్రోలరు అంటారు.

బ్యాటరీ లిథియం ఐరన్ ఫాస్ఫేటు రకం, 12.8 వోల్టులు, 200 ఆంపియర్ అవర్లు. రెంటినీ గుణిస్తే సుమారు 2,560 వాట్ అవర్లు. మన కరెంటు బిల్లు భాషలో రెండున్నర యూనిట్లు. ఇళ్ళలో ఇన్వర్టరుకు పెట్టుకునే ట్యూబులర్ బ్యాటరీ దీనికంటే చవక. కాని అది యాభై కిలోలు దాటుతుంది, ఆమ్లము పోసినది, సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది. కదిలే బండికి లిథియం రకమే తేలిక.

ఇక లెక్క. వెయ్యి వాట్ల పరికరం ఒక గంట పనిచేస్తే ఒక యూనిట్ ఖర్చవుతుంది. మా బండిలో 28 వాట్ల ఫ్యానులు రెండు. రాత్రి తొమ్మిది గంటలు తిరిగితే రెంటికీ కలిపి సుమారు 500 వాట్ అవర్లు. అయిదు వాట్ల దీపాలు నాలుగు, నాలుగు గంటలకు 80. చిన్న ఫ్రిజ్ రోజంతా ఆగి ఆగి పనిచేసి వేసవిలో 400 వరకు తీసుకుంటుంది. ఫోన్లు, నీళ్ళ మోటారు కలిపి మరో 60. వెరసి రోజుకు ఒక యూనిట్. మార్చి నుండి మే వరకు మా పలకలు రోజుకు రెండు యూనిట్లకు పైగా ఇస్తాయి. రావులపాలెంలో ఎవరో అడిగారు, "335 వాట్ల పలక కదా, మధ్యాహ్నం 250 మాత్రమే చూపిస్తుందేమిటి? మోసపోయారేమో!" అని. మోసమేమీ లేదు. పలక మీద వేసిన అంకె ప్రయోగశాలలో 25 డిగ్రీల వేడి దగ్గర కొలిచినది. మన ఎండలో పలక 60 డిగ్రీలు దాటుతుంది. ఒక్కో డిగ్రీ పెరిగిన కొద్దీ శాతంలో మూడు నాలుగు పదోవంతుల శక్తి తగ్గుతుంది. పలకకు కావలసినది వెలుగు, మనకు వచ్చేది వెలుగుతోపాటు వేడి కూడా! అందుకే పలకకు, పైకప్పుకు మధ్య మూడు అంగుళాల ఖాళీ వదిలి గాలి ఆడనిచ్చాము.

ఆడవారు అడిగే మొదటి ప్రశ్న మిక్సీ గురించి. అయిదు వందల వాట్ల మిక్సీ అయిదు నిమిషాలు తిరిగితే 40 వాట్ అవర్లే. కాబట్టి కొబ్బరి పచ్చడికి లోటు లేదు. కాని ఇస్త్రీ పెట్టె అరగంట పెడితే అర యూనిట్ హరించుకుపోతుంది. ఆదివారం చొక్కాలు శనివారం నాడే ఎక్కడైనా ఇస్త్రీ చేయించుకుంటాము. కరెంటు పొయ్యి, ఏసీ మాట తలపెట్టము. వేడి పుట్టించే పరికరమేదైనా బ్యాటరీని తాగేస్తుందని గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతా లెక్క సులువు.

ఇంకొక చిక్కు మన ఆతిథ్యముతో వచ్చింది. కోనసీమలో ఏ ఇంటి ముందు ఆగినా, "అయ్యో, ఎండలో పెట్టారేమండీ, ఆ కొబ్బరిచెట్ల నీడకు తెచ్చుకోండి" అంటారు. వద్దంటే నొచ్చుకుంటారు. ఒక్క కొబ్బరి మట్ట నీడ పలక మీద అడ్డంగా పడితే, పూసల దండలో ఒక పూస బిగుసుకుపోయినట్టు ఆ వరుస కరెంటంతా తగ్గిపోతుంది. రెండు పలకలను ఒకదాని వెనుక ఒకటి కాక పక్కపక్కన కలిపించినందువల్ల, ఒకదాని మీద నీడ పడినా రెండవది తన పని తాను చేసుకుంటుంది. అదిగాక కొబ్బరిచెట్టు కింద నిలిపిన బండి మీద బొండము పడితే అద్దము మిగలదు. అందుచేత బండి ఎండలో, మనుషులము నీడలో అని నవ్వుతూ చెప్పడం అలవాటు చేసుకున్నాము.

శుభ్రం సంగతి కూడా చెప్పాలి. కోతలప్పుడు కల్లాల దుమ్ము, ఊక వచ్చి పలకల మీద పేరుకుంటాయి. కొంగలు, కాకులు తమ వంతు తాము చేస్తాయి. తెల్లవారుజామున పలక చల్లగా ఉన్నప్పుడు మెత్తని గుడ్డతో తుడవాలి. మిట్టమధ్యాహ్నం కాలుతున్న అద్దం మీద చల్లని నీళ్ళు పోయరాదు. అంతర్వేది, ఓడలరేవు వంటి సముద్రపు ఒడ్డు ఊళ్ళలో ఉప్పుగాలికి ఇనుప మేకులు నెలల్లో తుప్పు పడతాయి. స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు వాడాలి. బ్యాటరీ పక్కనే తగిన ఫ్యూజు ఉండి తీరాలి. పన్నెండు వోల్టులే గదా అని సన్నని తీగ వాడితే, వెయ్యి వాట్ల ఇన్వర్టరుకు ఎనభై ఆంపియర్లు పైగా పారి తీగ కాలుతుంది. గ్యాసు బండను బ్యాటరీకి దూరంగా, గాలి ఆడే చోట పెట్టుకోవాలి. ఈ పని తెలిసిన ఎలక్ట్రీషియను చేతనే చేయించాలి.

ఇంతవరకు చెప్పినది ఎండ ఉన్న రోజుల మాట. ఎండ లేని రోజుల్లో ఏమవుతుందో 2022 జులైలో చూశాము.

మామ్మ చిన్న చెల్లెలికి ఒంట్లో బాగుండలేదని తెలిసి, ఆమె ఉండే లంకకు బయలుదేరాము. చాకలిపాలెం వైపు చేరేసరికి గోదావరి పెరుగుతున్నది. కనకాయలంక కాజ్‌వే మునిగింది. బండి అవతలకు పోయే దారి లేదు. చూస్తుండగానే ధవళేశ్వరం దగ్గర మొదటి, రెండవ హెచ్చరికలు దాటి, 17.75 అడుగుల మూడవ ప్రమాద హెచ్చరిక కూడా వచ్చింది. జులై 16 నాటికి ఆనకట్ట నుండి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రానికి పోయింది. 2006 ఆగస్టు వరద తరువాత అంత నీటిని ఆ ప్రాంతమువారు చూడలేదు. లంకల్లోకి నీరు చేరగానే ప్రాణాపాయము కలుగకుండ కరెంటు నిలిపివేశారు. జనము పడవల మీద ఏటిగట్టుకు చేరారు. చెల్లెలినీ ఆమె పిల్లలనూ కూడా ఒక నాటు పడవలో తెచ్చారు. గట్టు మీద బరకాలు కట్టుకొని సుమారు నలభై కుటుంబాలు. వాటి మధ్య మా బండి.

ఆకాశము ఆరు రోజులు మూసుకునే ఉంది. వేసవిలో రెండు యూనిట్లిచ్చిన పలకలు ఆ రోజుల్లో అర యూనిట్ పైచిలుకు ఇచ్చాయి. ఇంజను నుండి ఈ బ్యాటరీకి తీగ లేదు. ఉన్నా డీజిలు దొరికే రోజులు కావవి. మొదటి సాయంకాలము ఒకామె వచ్చి, "అమ్మా, ఒక్కసారి ఫోనుకు కరెంటు పెడతారా? మా అమ్మాయి హైదరాబాదులో ఏడుస్తూ కూర్చుంటుంది" అన్నది. గంట గడిచేసరికి ఇరవై ఫోన్లు వచ్చాయి. ఫోను ఒకటి నిండడానికి సుమారు 15 వాట్ అవర్లు. ఇరవైకి 300. మేము కాగితం తీసి లెక్క వేశాము. బ్యాటరీలో ఉన్నది రెండున్నర యూనిట్లు. రోజూ వచ్చేది అర యూనిట్ పైచిలుకు. వరద ఎన్నాళ్ళుంటుందో ఎవరూ చెప్పలేరు. మా ఫ్యాను ఆపివేసి దోమతెర కట్టుకున్నాము. మామ్మ పక్కనున్న ఫ్యాను మాత్రం ఉంచాము. ఉక్కపోతకు ఆమెకు ఆయాసము వస్తుంది. ఇంటికొక ఫోను, రోజు విడిచి రోజు అని గట్టు మీది పెద్దలే వరుస ఏర్పాటు చేశారు.

రెండవ రోజున ఒక తల్లి తన పదేళ్ళ కుమారుని ఇన్సులిన్ సీసాను తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. వాడుకలో ఉన్న సీసా సాధారణంగా 30 డిగ్రీలు దాటని చోట నాలుగు వారాల వరకు ఉంటుంది. దానిని తడిపిన మట్టికుండలో పెట్టుకోవచ్చు. కాని ఆమె దగ్గర మూత తీయనివి మరి రెండున్నాయి. ఆ సంగతి తెలిసి మరి ఇద్దరు వచ్చారు. ఎవరి సీసా మీద వారి పేరు చీటీ అంటించి ఫ్రిజ్‌లో పెట్టాము. మొత్తం ఏడు సీసాలు. వాన చల్లదనానికి ఫ్రిజ్ రోజుకు 300 వాట్ అవర్లతో సరిపెట్టుకుంది.

మూడవ రోజు సాయంకాలము ఒక యువకుడు వచ్చాడు. ఆ రోజు వంతు అయిపోయింది. అతని అన్న పశువులను తోలుకుని ముందురోజు వేరే పడవలో వెళ్ళాడు. అవతలి గట్టుకు చేరాడో లేదో తెలియదు. అతని ఫోను చచ్చి ఉంది. "మాస్టారూ, మీ ఫ్రిజ్ ఆపేస్తే ఇంకో ఇరవై ఫోన్లు నిండుతాయి గదండీ. చల్లనీళ్ళు ముఖ్యమా, మా అన్న ముఖ్యమా?" అన్నాడు. చుట్టూ ఉన్నవారు మాట్లాడలేదు. కొందరి మనసులో అదే మాట ఉన్నట్టు మాకు తెలుస్తూనే ఉంది. అతని మీద కోపం రాలేదు. మా తమ్ముడో అన్నో అయితే మేమూ అంతే అడిగి ఉందుము.

మామ్మ లేచి కూర్చుని ఫ్రిజ్ తలుపు తీయమన్నది. అందులో చల్లనీళ్ళు లేవు. చీటీలు అంటించిన సీసాలే ఉన్నాయి. "ఇందులో నావి రెండే నాయనా. ఇదిగో, ఇది ఆ పిల్లాడిది. దీన్ని మాత్రం ఆపకు" అన్నది. తరువాత మా వైపు తిరిగి, "నా ఫ్యాను ఆపండి" అన్నది. వద్దన్నాము. ఆయాసం సంగతి గుర్తు చేశాము. "ఒక ఫ్యానుకు ఎన్ని ఫోన్లో లెక్క చెప్పండి, మీరు పంతుళ్ళు గదా" అన్నది. రాత్రంతా ఆ ఫ్యాను తిరిగే కరెంటు 250 వాట్ అవర్లు. పదహారు ఫోన్లు. ఆమె కళ్ళ ముందే లెక్క తేలాక మేమింక ఏమీ అనలేకపోయాము.

ఆ రాత్రి యువకుని తల్లి తాటాకు విసనకర్ర పట్టుకుని వచ్చి మామ్మ పక్కన కూర్చుంది. ఇద్దరూ లంకలో తమ చిన్ననాటి వరదల కబుర్లు చెప్పుకుంటూ ఎప్పటికో నిద్రపోయారు. మరునాడు మధ్యాహ్నం అతని ఫోను మ్రోగింది. అన్న క్షేమముగానే ఉన్నాడు, వేరొకరి ఫోను అడిగి చేస్తున్నాడు. తమ్ముని ఫోను నిండి ఉండబట్టే ఆ కబురు అందింది. తరువాతి రాత్రులు విసనకర్ర వంతు కూడా ఏర్పడింది. ఫోన్ల వరుస లాగే!

ఆరు రోజులూ మేము ఉదయము, సాయంకాలము బ్యాటరీ శాతము చూసి, కాగితం మీద వ్రాసి బండి తలుపుకు అంటించేవారము. వచ్చినదెంత, పోయినదెంత అన్నది అందరికీ తెలిసినప్పుడు సణుగుడు లేదు. ఏడవ రోజు ఉదయము మబ్బు విడిచేనాటికి బ్యాటరీలో 18 శాతం మిగిలింది. అరణ్యములో ఇశ్రాయేలీయులు మన్నాను మనిషికి ఓమెరు చొప్పున కొలుచుకున్న సంగతి మనము ఎన్నిసార్లు చదివామో! రేపటికని దాచుకుంటే పురుగు పట్టిందని కూడా చదివాము. బ్యాటరీకి పురుగు పట్టదు గాని, పక్కవాని చీకటిలో మన ఫ్యాను తిరుగుతుంటే మన నిద్రకు పడుతుంది.

ఈ అనుభవము నుండి ఇంట్లో ఉండేవారికి పనికొచ్చే సంగతి ఒకటుంది. 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము పీఎం సూర్యఘర్ పథకాన్ని మొదలుపెట్టింది. ఇంటి మీద సోలారు పలకలకు ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెంటికి 60 వేలు, మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల రాయితీ ప్రకటించింది. మంచి పథకమే. అయితే మా బంధువులొకరు, "ఇక తుఫాను వచ్చినా మా ఇంట్లో దీపం ఆరదు" అని ధైర్యంగా ఉన్నారు. అది నిజము కాదు. కరెంటు లైనుకు కలిపిన సోలారు, లైనులో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. తెగిన తీగ పట్టుకుని పనిచేస్తున్న లైన్‌మ్యాను మీదికి మన ఇంటి కరెంటు పోకుండ చేసిన ఏర్పాటది. బ్యాటరీ, దానికి తగిన హైబ్రిడ్ ఇన్వర్టరు ఉంటేనే తుఫాను రాత్రి దీపము వెలుగుతుంది. పెట్టించుకునేవారు ఈ ఒక్క ప్రశ్న ముందుగా అడగండి.

అంత ఖర్చు భరించలేనివారికి ఒక్క వంద వాట్ల పలక, చిన్న బ్యాటరీ చాలు. మంచి ఎండలో రోజుకు 350 వాట్ అవర్లు వస్తాయి. రెండు దీపాలు, ఆరు గంటలు ఒక చిన్న ఫ్యాను, నాలుగు ఫోన్లు నడుస్తాయి. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుఫాను తరువాత కోనసీమ ఎన్నాళ్ళు చీకటిలో ఉన్నదో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఆనాడు ఇలాంటి పలక ఒక్కటి వీధికొకటి ఉన్నా ఎంత ధైర్యముగా ఉండేదో!

మరొక చిన్న మనవి. వానలు మొదలయ్యే ముందు, మీ ఊళ్ళో చల్లగా ఉంచవలసిన మందు వాడేవారు ఎవరెవరున్నారో ఒక కాగితం మీద వ్రాసిపెట్టండి. కరెంటు పోయినప్పుడు ఆ మందులు ఎవరి ఇంట్లో, మందిరములో లేదా బడిలో ఉంచవచ్చునో ముందే అనుకోండి. పలకలు, బ్యాటరీలు డబ్బుతో వస్తాయి. ఆ జాబితాకు పైసా ఖర్చు లేదు. ఒక సాయంకాలము నాలుగిళ్ళు తిరిగితే చాలు.